ఇంకో నీలోఫర్ కట్టే ముందు

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రిగారికి ముత్తుకూరు నుంచి బహిరంగ లేఖ

మంత్రిగారూ,

రాష్ట్రం విడిపోయినప్పుడు హైదరాబాదులో మనకు దూరమైనవాటి లెక్కలు చాలామంది తీశారు. సచివాలయం, హైకోర్టు, పరిశోధన సంస్థలు, కార్పొరేషన్ల ఆస్తుల గురించి సభల్లోనూ కోర్టుల్లోనూ ఏళ్ల తరబడి మాటలు నడిచాయి. నీలోఫర్ ఆస్పత్రి పేరు మాత్రం ఆ మాటల్లో పెద్దగా వినపడలేదు. ఆ స్థాయి ప్రభుత్వ పిల్లల ఆస్పత్రి మనకు లేదన్న సంగతి 2021లో కొవిడ్ మూడో దఫా పిల్లల మీద పడుతుందన్న భయం పుట్టినప్పుడు గాని పైకి రాలేదు. అప్పటి ప్రభుత్వం విశాఖపట్నంలో, విజయవాడ–గుంటూరు ప్రాంతంలో, తిరుపతిలో మూడు పిల్లల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రులు కడతామని ప్రకటించింది. ఆ అక్టోబరులోనే తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం పిల్లల గుండె ఆస్పత్రి మొదలైంది. 2022 మేలో అలిపిరి దగ్గర పెద్ద పిల్లల ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వాలు మారినా మనకూ ఒక నీలోఫర్ కావాలన్న కోరిక అలాగే ఉంది. ఆ కోరిక న్యాయమైనదే. కానీ నీలోఫర్ ఎందుకు పుట్టింది, ఏం సాధించింది, ఎందుకు కిక్కిరిసిపోయింది అన్నది చూసుకోకుండా అలాంటిదే ఇంకోటి కడితే ఆ కష్టాలన్నీ కొత్త గోడల మధ్యకు వస్తాయి. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచింది ఒక్కటే. పిల్లల వైద్యం కోసం ప్రభుత్వం పెట్టే తర్వాతి రూపాయి మహానగరంలో కాకుండా జిల్లా కేంద్రంలో, అదీ ప్రసూతి వార్డుకు ఆనుకుని ఖర్చు కావాలి. నెల్లూరు దానికి తగిన చోటు.

ఆస్పత్రికి ఆ పేరు తెచ్చిన నీలోఫర్ ఒట్టోమన్ రాజవంశపు ఆడపడుచు. 1931లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండో కొడుకు మొజ్జం జాను పెళ్లాడి హైదరాబాదు కోడలైంది. ఆమె దగ్గర పనిచేసే రఫత్ ఉన్నీసా బేగం కాన్పులో సరైన వైద్యం అందక చనిపోయిందనీ, ఆ దుఃఖంలో ఆమె మామగారిని అడిగితే ఈ ఆస్పత్రి ఆలోచన పుట్టిందనీ చెబుతారు. 1953లో ఆస్పత్రి మొదలయ్యేసరికి నిజాం రాజ్యం పోయి ఎన్నికైన ప్రభుత్వం వచ్చింది. నీలోఫర్ విడాకులు తీసుకుంది, తర్వాతి జీవితం పారిస్‌లో గడిపింది. ఆమెకు పిల్లలు లేరన్న సంగతిని పత్రికలు ఇప్పటికీ తిప్పి తిప్పి రాస్తుంటాయి. అందులో కథ ఉందేమో గాని మనం నేర్చుకోవలసింది ఏమీ లేదు. నేర్చుకోవలసింది వేరే చోట ఉంది. ఊళ్లో అందరూ పిల్లల ఆస్పత్రి అని పిలిచే ఈ ఆస్పత్రికి మూలం ఒక తల్లి చావు. అందుకే అది స్త్రీల, పిల్లల ఆస్పత్రి అయింది. పురుడూ బిడ్డా ఒకే కప్పు కిందికి వచ్చాయి.

ఇది చిన్న విషయం కాదు. పిల్లలకంటూ ఆస్పత్రి కట్టడం యూరప్‌లో 1802లో పారిస్‌తో మొదలైంది. లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆస్పత్రిని 1852లో పది పడకలతో చార్లెస్ వెస్ట్ తెరిచాడు. అక్కడ తొలినాళ్లలో రెండేళ్లు నిండని పసివాళ్లను పడకల్లో చేర్చుకునేవారు కారు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు ఇంగ్లండులో పిల్లల వార్డులు తల్లులను గుమ్మం బయటే నిలబెట్టాయి, చూడడానికి వారంలో కొన్ని గంటలే ఇచ్చేవి. ఆ పద్ధతి బిడ్డకు చేటని తేల్చి, తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వమని 1959లో ప్లాట్ కమిటీ చెప్పవలసి వచ్చింది. మన దేశంలో పిల్లల ఆస్పత్రులు పుట్టిన తీరు వేరు. బొంబాయి పరేల్‌లో వాడియా కుటుంబం 1926లో ముందు ప్రసూతి ఆస్పత్రి కట్టింది, దాని సరసనే 1929లో పిల్లల ఆస్పత్రి కట్టింది. మద్రాసులో 1844లో మొదలైన ప్రసూతి ఆస్పత్రే ఎగ్మోర్ చేరింది. అక్కడే 1948లో డాక్టర్ ఎస్.టి. ఆచార్ చేతి మీదుగా పిల్లల వైద్య విభాగం ఏర్పడింది, 1968లో పిల్లల ఆస్పత్రికి సొంత భవనం వచ్చింది. హైదరాబాదు సంగతి పైన చెప్పాను. మూడు పెద్ద నగరాల్లోనూ పిల్లల ఆస్పత్రి పురిటి గది పక్కనే పెరిగింది. పేదరికం వల్లనో, అవసరం వల్లనో జరిగిన ఈ పని వైద్యపరంగానూ సరైనదని తర్వాతి లెక్కలు చెప్పాయి.

ఆ లెక్కలు ఇవి. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2020కి ఇచ్చిన నమూనా నమోదు గణాంకాల ప్రకారం దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 28 మంది ఏడాది లోపే చనిపోయారు. వాళ్లలో 20 మంది పుట్టిన నెలలోపే పోయారు. అంటే ప్రతి పది శిశు మరణాల్లో ఏడు మొదటి నెలలోనే. ఏటేటా మొత్తం అంకె తగ్గుతూ వస్తున్నది, 2023కి 25 అయింది. అయినా మొదటి నెల బరువే ఇప్పటికీ ఎక్కువ. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, రక్తంలో ఇన్‌ఫెక్షన్ సోకడం ఆ నెల మరణాలకు ముఖ్య కారణాలు. ఊపిరి తీయని బిడ్డకు నిమిషాల్లో సాయం అందాలి. ఒళ్లు చల్లబడ్డ బిడ్డకూ ఇన్‌ఫెక్షన్ సోకిన బిడ్డకూ ఉన్న వ్యవధి కొన్ని గంటలే. ఎంత గొప్ప ఆస్పత్రైనా నూటయాభై కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆ గంటలు రోడ్డు మీదే అయిపోతాయి. పైగా ఆ ప్రయాణంలో తల్లి ఉండదు. కోత కాన్పు అయిన తల్లి ఒక ఊళ్లో, బిడ్డ ఇంకో ఊళ్లో, మధ్యలో నాయనమ్మ చేతిలో గుడ్డల మూట.

తల్లిని బిడ్డ దగ్గర ఉంచడం దయతో చేసే సౌకర్యం అని ఇంకా చాలామంది అనుకుంటున్నారు. అది వైద్యమే. కొలంబియాలోని బొగోటాలో 1978లో డాక్టర్ ఎడ్గార్ రే, ఇంక్యుబేటర్లు చాలక, బరువు తక్కువ బిడ్డలను తల్లుల ఎద మీద కట్టి ఉంచడం మొదలుపెట్టాడు. దాన్నే మన నర్సులు కంగారూ పద్ధతి అంటారు. చాలా ఏళ్లు దాన్ని డబ్బు లేనివాళ్ల ఉపాయంగానే చూశారు, అదీ బిడ్డ కాస్త కుదుటపడ్డాకే చేయాలన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆస్పత్రితో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాల్లోని ఆస్పత్రుల్లో దీన్ని పరీక్షకు పెట్టింది. 2021లో వచ్చిన ఫలితం ఇది: కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి ఎద మీదికి చేర్చిన బిడ్డల్లో మొదటి 28 రోజుల మరణాలు నూటికి 12. మామూలు పద్ధతిలో ఉంచినవాళ్లలో నూటికి దాదాపు 16. నాలుగోవంతు చావులు తగ్గాయి. ఇందుకు వాళ్లు కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు. నవజాత శిశువుల ఐసీయూ లోపలే తల్లికి మంచం వేశారు, ఆమెకు కావలసిన బాలింత వైద్యం అక్కడే చేశారు. మరి మనం కడుతున్న పిల్లల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రుల నమూనాల్లో ప్రసూతి విభాగం ఎక్కడ ఉంది మంత్రిగారూ? లేకపోతే యూరప్ చేసి దిద్దుకున్న తప్పును మనం ఖర్చుపెట్టి కొనుక్కుంటున్నట్టే.

నీలోఫర్ చరిత్రలో రెండో పాఠం రద్దీ. వంద పడకల నుంచి అది వెయ్యి దాటింది. అయినా ఒక్కో మంచం మీద ఇద్దరు ముగ్గురు బిడ్డలున్న ఫోటోలు దశాబ్దాలుగా పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. 2017 మొదట్లో అక్కడ కోత కాన్పుల తర్వాత వరసగా బాలింతలు చనిపోతే విచారణలు జరిగాయి, పెద్ద గొడవైంది. ఇలాంటి ప్రతిసారీ తప్పంతా అక్కడి డాక్టర్ల మీద వేయడం మనకు అలవాటు. ఆ బిడ్డలు ఎక్కడినుంచి వచ్చారని అడిగేవాళ్లు తక్కువ. మహబూబ్‌నగర్ నుంచి, ఆదిలాబాద్ నుంచి, ఒకప్పుడు కర్నూలు నుంచి, చీటీ రాసిచ్చి పైకి పంపగా వచ్చినవాళ్లు వాళ్లంతా. ఊరి కాలువలన్నీ ఒకే చెరువులోకి తిప్పి, చెరువు కట్ట తెగిందని కాపలావాణ్ణి తిట్టినట్టుంటుంది ఇది. పడకలు పెంచిన ప్రతిసారీ జిల్లాల నుంచి రాసిచ్చే చీటీలూ పెరిగాయి. పెద్దాస్పత్రి ఒకటి ఉందన్న ధీమాతో కింది ఆస్పత్రి చేతులు దులుపుకోవడం నేర్చుకుంటుంది.

అయితే నీలోఫర్ చరిత్ర అంతా రద్దీ కథే అనుకుంటే ఆ ఆస్పత్రికి అన్యాయం చేసినట్టే. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన పోషకాహార పరిశోధన సంస్థ, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ, నీలోఫర్‌లో ఒక వార్డు పెట్టుకుని తిండి చాలక జబ్బుపడ్డ పిల్లలను చూసింది. కాళ్లు నీరుబట్టి, జుట్టు రంగు మారి, మొహం ఉబ్బి వచ్చే క్వాషియోర్కర్ పిల్లలు ఆ రోజుల్లో వార్డుల నిండా ఉండేవాళ్లు. లోపమంతా మాంసకృత్తులదేననీ, ఖరీదైన ప్రొటీన్ పొడులు పంచితే సరిపోతుందనీ ప్రపంచమంతా నమ్ముతున్న కాలం అది. డాక్టర్ సి. గోపాలన్ బృందం దాన్ని ఒప్పుకోలేదు. ఈ పిల్లలు తింటున్న తిండి రకంలో కన్నా మొత్తంలోనే ఎక్కువ కొరత ఉందనీ, ఇంట్లో వండే అన్నం పప్పే కడుపునిండా దొరికితే చాలామంది కోలుకుంటారనీ చూపించింది. విటమిన్-ఎ లోపంతో పిల్లల చూపు పోకుండా ఆర్నెల్లకోసారి రెండు లక్షల యూనిట్ల మోతాదు ఇచ్చే పథకం 1970లో దేశమంతా మొదలైందంటే దాని వెనక ఉన్నదీ ఈ సంస్థ పరిశోధనే. పెద్ద ఆస్పత్రి వార్డులో మంచం మీద ఉన్న బిడ్డను చూసి నేర్చుకున్నది తిరిగి ఊళ్లోకి, అంగన్‌వాడీలోకి వెళ్లింది. నన్నడిగితే నీలోఫర్ పేరు చెప్పి గర్వపడవలసింది దీనికే. ఈ పని పడకల సంఖ్యతో రాలేదు, వార్డుకూ ఊరికీ మధ్య దారి తెరిచి ఉంచడం వల్ల వచ్చింది.

ఇక మా వైపు సంగతి. ముత్తుకూరు మండలంలో కృష్ణపట్నం రేవు ఉంది, నేలటూరు దగ్గర దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, మత్స్య కళాశాల ఉంది, రొయ్యల గుంటలున్నాయి. సముద్రం మీద బతికే పట్టపు కుటుంబాలు, గుంటల మీద కాపలా ఉండే యానాది కుటుంబాలు, ఒడిశా నుంచీ బిహార్ నుంచీ కూలికి వచ్చినవాళ్లు అందరూ ఇక్కడే పిల్లల్ని కంటున్నారు. నెల్లూరు మాకు ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. అక్కడ పెద్దాసుపత్రి ఉంది, 2014 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. తిరుపతి ఇంకో 135 కిలోమీటర్లు, చెన్నై 175. నెల్లూరు జిల్లా 1953 అక్టోబరు దాకా మద్రాసు రాష్ట్రంలోదే కాబట్టి, బిడ్డకు ప్రాణం మీదికి వస్తే ఎగ్మోర్ పరుగెత్తడం మాకు తరాల అలవాటు. డబ్బున్నవాళ్లు ఇప్పటికీ అదే దారిలో, మరికాస్త ఖరీదైన ఆస్పత్రులకు పోతున్నారు. యానాది తల్లి చెన్నై పోదు. ఆమెకు నెల్లూరే ఆఖరి మెట్టు. నెల్లూరులో ఏం దొరుకుతుందన్నదే ఆమె బిడ్డకు మొత్తం వైద్యం.

పిల్లల వైద్యాన్ని జిల్లాకు తేవాలన్న మాటకు మీ శాఖ అధికారులు మొదట చెప్పేది నాకు తెలుసు: నిపుణులు జిల్లాల్లో ఉండరు, అందరినీ ఒకచోట చేరిస్తేనే మంచి వైద్యం సాధ్యం. ఇందులో సగం నిజం. పుట్టుకతో వచ్చిన గుండె లోపాలకు ఆపరేషన్లు, పిల్లల క్యాన్సర్, కాలేయ మార్పిడి లాంటివి ఎక్కువగా చేసే చోటే బాగా జరుగుతాయి. వాటిని జిల్లాకొకటి చొప్పున పంచడం తెలివితక్కువ. తిరుపతి గుండె ఆస్పత్రి ఆ కోవలోది, దాన్ని ఇంకా బలపరచండి. అయితే ఆ బిడ్డల్లో చాలామందికి కొన్ని రోజులో వారాలో వ్యవధి ఉంటుంది. మొదటి నెలలో పోయే బిడ్డల్లో ఎక్కువమందికి ఆ వ్యవధి లేదు, వాళ్లకు కావలసినవి అంత అరుదైన నైపుణ్యాలూ కావు. వెచ్చదనం, ఊపిరి అందించే సంచీ, శుభ్రమైన చేతులు, తల్లిపాలు, సమయానికి యాంటీబయాటిక్, ఆక్సిజన్, వీటన్నిటినీ రాత్రి మూడింటికి కూడా కనిపెట్టి చూసే శిక్షణ పొందిన నర్సు. పశ్చిమ బెంగాల్‌లో పురూలియా బాగా వెనుకబడిన జిల్లా. అక్కడి జిల్లా ఆస్పత్రిలో 2003లో జబ్బుపడ్డ నవజాత శిశువుల విభాగం పెడితే మరణాలు తగ్గాయి. దేశమంతటా జిల్లా ఆస్పత్రుల్లో ఇప్పుడున్న ఎస్.ఎన్.సి.యు.లకు నమూనా అదే. పురూలియాకు నిపుణులు క్యూ కట్టి రాలేదు, ఉన్నవాళ్లకు నేర్పి నిలబెట్టారు. నెల్లూరులో పెద్దాసుపత్రికి తోడు వైద్య కళాశాలే ఉంది.

రెండో అభ్యంతరం ఎన్టీఆర్ వైద్య సేవ గురించి. పేదవాళ్లు ప్రైవేటు ఆస్పత్రిలో ఉచితంగా చూపించుకుంటున్నప్పుడు ప్రభుత్వ విభాగం ఎందుకు అంటారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఈ పథకం వేలమంది పిల్లలకు ఆపరేషన్లు చేయించింది, కాదనను. కానీ ఆ పథకం జబ్బుకు డబ్బు కడుతుంది, అదీ బిడ్డ ఆస్పత్రి గుమ్మం దాకా ప్రాణంతో చేరాకే. ముత్తుకూరులో కాన్పు జరిగే చోట రాత్రి డ్యూటీ నర్సును అది పుట్టించలేదు. ఇక మూడో అభ్యంతరం నాలాంటి వాళ్లనే ఇరుకున పెట్టేది: అసలు ఆస్పత్రులే కాదు, ఇంటి దగ్గర చూసే ఆరోగ్య కార్యకర్త ఉంటే చాలునని. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ ఊరి ఆడవాళ్లకు నేర్పి, ఇంటి దగ్గరే నవజాత శిశువులకు వైద్యం చేయించి, ఆ మరణాలను 62 శాతం తగ్గించినట్టు 1999లో లెక్కలతో చూపారు. ఇప్పుడు ఆశా కార్యకర్త పుట్టిన బిడ్డను ఇంటికి వచ్చి చూసిపోవడం ఆ పని ఫలమే. కానీ ఆ ప్రయోగం జరిగిన కాలంలో కాన్పులు ఎక్కువగా ఇళ్లలోనే జరిగేవి. నేడు మన జిల్లాలో కాన్పులు దాదాపు అన్నీ ఆస్పత్రుల్లోనే. తల్లిని ఆస్పత్రికి రమ్మన్నది ప్రభుత్వమే కాబట్టి, పుట్టిన గంటలో బిడ్డకు ఏమైనా అయితే చూడవలసిన బాధ్యతా ఆ గోడల లోపలే ఉంది.

తమిళనాడు సంగతి ఇక్కడ చెప్పాలి. ఎగ్మోర్ పోయి వచ్చినవాళ్లు అంత పెద్ద ఆస్పత్రి ఉండబట్టే అక్కడ పిల్లలు బతుకుతున్నారని అంటుంటారు. 2020లో ఏడాది లోపు మరణాలు తమిళనాడులో వెయ్యికి 13, మన రాష్ట్రంలో 24, నీలోఫర్ ఉన్న తెలంగాణలో 21. పెద్ద పిల్లల ఆస్పత్రి తెలంగాణకూ ఉంది, తమిళనాడుకూ ఉంది. తేడా ఆ భవనం వల్ల వచ్చింది కాదు. తమిళనాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ముగ్గురేసి నర్సులను పెట్టి ఇరవై నాలుగు గంటలూ కాన్పులు జరిగేలా చూసింది, జిల్లా ఆస్పత్రుల్లో నవజాత శిశు విభాగాలను బలపరిచింది, 108లో పసిబిడ్డల కోసం వేరే అంబులెన్సులు నడిపింది. చదువు, రోడ్లు, పెళ్లీడు లాంటి కారణాలూ ఇందులో ఉన్నాయి, అన్నీ ఆస్పత్రుల ఖాతాలో వేయలేం. అయినా దారి ఎటుందో ఈ మూడు అంకెలు చెబుతున్నాయి.

డబ్బు గురించి ఒక్క మాట. భవనాలకు డబ్బు దొరుకుతుంది. దాతలు ముందుకు వస్తారు, కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టవలసిన పరిశ్రమలు మా మండలం చుట్టూనే ఉన్నాయి. యంత్రం కొనిస్తే దాని మీద పేరు రాయించుకోవచ్చు. నర్సు జీతానికి శిలాఫలకం ఉండదు. అందుకే ఆ ఒక్కటీ ఎప్పుడూ వెనకబడుతుంది, అందుకే అది ప్రభుత్వమే మోయవలసిన ఖర్చు.

కాబట్టి మంత్రిగారూ, నెల్లూరు పెద్దాసుపత్రిలో ఇప్పుడున్న నవజాత శిశు విభాగాన్ని ప్రసూతి విభాగంతో కలిపి, వైద్య కళాశాల అధీనంలో, తల్లీబిడ్డల ఆస్పత్రిగా పెంచండి. అందులో బరువు తక్కువ బిడ్డ ఉన్న ప్రతిచోటా తల్లికి మంచం ఉండాలి. శిక్షణ పొందిన నవజాత శిశు నర్సులను సాధారణ బదిలీల నుంచి తప్పించి, ఆ విభాగంలోనే పదోన్నతులు వచ్చే ఏర్పాటు చేయండి. మూడేళ్లు నేర్పిన నర్సును కళ్ల వార్డుకు మార్చడం కన్నా దండగ ఖర్చు ఇంకోటి లేదు. ముత్తుకూరు లాంటి మండలాల నుంచి బిడ్డను వెచ్చగా, తల్లితో సహా తీసుకుపోయే అంబులెన్సు జిల్లాకు ఒకటైనా ఇవ్వండి. 2011 నుంచి తల్లికీ జబ్బుపడ్డ పసిబిడ్డకూ ఉచిత రవాణా హక్కుగా కాగితం మీద ఉన్నదే. జిల్లాలో చనిపోయిన ప్రతి నవజాత శిశువు గురించి, పేర్లు లేకుండా, ఎక్కడ పుట్టింది, ఎన్ని గంటలకు చేరింది, ఎందుకు పోయింది అన్నది మూడు నెలలకోసారి ప్రజల ముందు పెట్టండి. ఇవి జరిగాక అమరావతిలోనో, విశాఖలోనో ఎంత పెద్ద పిల్లల ఆస్పత్రి కట్టినా మేం సంతోషిస్తాం. వచ్చే బడ్జెట్‌లో నెల్లూరు తల్లీబిడ్డల ఆస్పత్రికి నర్సుల పోస్టులతో సహా కేటాయింపు చూపించమని కోరుతున్నాను.

ఇట్లు,
ముత్తుకూరు పౌరుడు,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా